వద్దనడానికి ఒక మనిషి

కుట్టు గది
మధ్యాహ్నం

నర్సమ్మా,

ఉత్తరం చూడగానే గుండె పట్టుకోకు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను కలం పట్టానంటే ఏదో కొంప మునిగిందనుకుంటావు కాబట్టి ముందే చెబుతున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు నవ్విస్తావు, నేను అసలు సంగతి మర్చిపోతాను. పైగా ఇది మా అబ్బాయి, అదే మన సరేగాడి గురించి. వాడు పక్క గదిలోనే ఎవరిదో నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

టైర్ల కొట్టు పైగదిలో ఒక లాయరమ్మ ఉంటుంది. చిన్నపిల్ల. నల్లకోటు భుజం దగ్గర ఊడిపోతే కుట్టించుకోవడానికి వచ్చింది. నేను కుడుతుంటే ఊరికే కూర్చోకుండా గోడలూ కప్పూ చూసి, "ఇల్లు ఎవరి పేరు మీద ఉందమ్మా?" అంది. నా పేరు మీదే, ఈ మిషను తొక్కే కట్టాను అన్నాను. "వీలునామా రాశారా?" అంది. సూది వేల్లో దిగింది, ఒట్టు. రాయలేదన్నాను. "అయితే రాయండి. లేదంటే ట్రస్టు పెట్టండి. మీ అబ్బాయి ఎలాంటివాడో దాన్నిబట్టి" అని, కోటు తొడుక్కుని చక్కా పోయింది. అప్పట్నుంచి నా అవస్థ నాది.

మా అబ్బాయి ఎలాంటివాడో మేనత్తవి నీకు నేను చెప్పాలా? యాభై దగ్గర పడుతోంది, ఎవరేం అడిగినా సరే అంటాడు. సైకిల్ అడిగితే సరే. రేడియో అడిగితే సరే. ఎవరో కొత్తగా కాపురం పెట్టారు, పడుకోవడానికి ఏమీ లేదంటే మంచం కూడా సరే. ఆ మంచం వెనకే కోడలూ వెళ్ళిపోయింది. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

ఇన్నాళ్ళూ ఈ ఇల్లు నిలిచిందంటే, వాడు సరే అన్న ప్రతిదానికీ వెనక నుంచి నేను వద్దు అన్నాను కాబట్టి. నేను పోయాక ఎవరంటారు? ముందు గది మీద, అంటే నా కుట్టు గది మీద, కుర్చీలాయన కన్ను ఉంది. అదే, ఫంక్షన్లకి కుర్చీలు అద్దెకిచ్చే ఆయన. నేను పోయిన మర్నాడే వచ్చి "తమ్ముడూ, ఈ ఇల్లు నా పేర రాసెయ్యి" అంటాడు, వీడు సరే అంటాడు. ఆ తర్వాత వీడెక్కడ పడుకుంటాడు? ఇచ్చేసిన మంచం మీదా?

కొన్ని అడుగుతాను, నవ్వకు. వీలునామా అంటే వినివున్నాను. ట్రస్టు అంటే ఏమిటి? మనిషా, కాగితమా, ఆఫీసా? మీ ఆస్పత్రి ట్రస్టుది అన్నావొకసారి. అది ఆస్పత్రులకే కాకుండా కింద మూడు గదులూ పైన ఒక గదీ ఉన్న ఇంటికి కూడా పెడతారా? పోయినవాళ్ళ మాట జరుగుతోందో లేదో ఎవరు చూస్తారు?

మధ్యలో లేచి ఇస్త్రీపెట్టె ఆపానో లేదో చూసొచ్చాను. ఆపాను.

మీ వదిన


పిల్లల వార్డు, నర్సుల గది

వదినా,

నవ్వకు అన్నావు కాబట్టి ఇస్త్రీపెట్టె దాకా ఓపిక పట్టాను. అక్కడ మాత్రం నా వల్ల కాలేదు.

మా ట్రస్టు ఆఫీసులో గుమాస్తాని పట్టుకుని అడిగాను. టీ తాగుతూ చెప్పాడు, నాకు అర్థమైనంత రాస్తున్నాను. వీలునామా రాస్తే నువ్వున్నంతకాలం ఇల్లు నీదే, నీ తర్వాత మొత్తం వాడి చేతికొస్తుంది. ట్రస్టు పెడితే ఇల్లు వాడి చేతికి రాదు, ట్రస్టు పేరు మీద ఉంటుంది. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెడతావు, ఆయన్ని ట్రస్టీ అంటారు. ఆ ట్రస్టీ నువ్వు రాసిపెట్టిన ప్రకారం నడపాలి. వాడు బతికినన్నాళ్ళూ అందులో ఉంటాడు, కానీ అమ్మలేడు, ఎవరికీ రాసివ్వలేడు. చిన్న ఇంటికైనా పెట్టుకోవచ్చట.

ఇక ట్రస్టీ ఎవరని బుర్ర బద్దలు కొట్టుకోకు. నేను లేనూ? ముప్ఫై పడకల వార్డు నడుపుతున్నదాన్ని, నీ నాలుగు గదులు నాకో లెక్కా? వాడికీ నేనంటే ప్రాణం. వాడి గుణం నీ దగ్గర్నుంచి రాలేదులే, మా వైపుదే. వానలో ఎవరికో గొడుగిచ్చేసి తడిసి ముద్దై వచ్చేవాడు మా అన్నయ్య, గుర్తుందా?

ఉంటాను. ఇప్పుడే ఒక తాతగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చూసే వేళ అయిపోయింది, రానివ్వకూడదు. కానీ దూరం నుంచి వచ్చాడట. రానిచ్చాను.

నీ ఆడపడుచు


కుట్టు గది
లాయరమ్మ దగ్గర్నుంచి వచ్చాక

నర్సమ్మా,

ఆ పిల్లని ఇవాళ చాలా విసిగించాను. పాపం, ఓపికమంతురాలు.

"వీలునామా ఎప్పుడు పనిచేస్తుంది?" అన్నాను.

"మీరు పోయాక."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా వట్టి కాగితం. నచ్చకపోతే చింపి ఇంకోటి రాసుకోవచ్చు."

"నేను పోయానని దానికెలా తెలుస్తుంది?"

"దానికి తెలియదమ్మా. మీవాళ్ళు చెప్పాలి, నిజమేనని చూపించాలి, ఎవరైనా కాదంటే కోర్టులో తేలాలి. తర్వాత ఇల్లు మీ అబ్బాయిది. ఉండొచ్చు, అమ్మొచ్చు, ఇచ్చెయ్యొచ్చు."

ఇచ్చెయ్యొచ్చు అనగానే నాకు చెమటలు పట్టాయి. మంచినీళ్ళిచ్చింది. తాగి, ట్రస్టు సంగతి చెప్పమన్నాను. అది నేను బతికుండగానే మొదలుపెట్టుకోవచ్చట. నేనే ట్రస్టీగా ఉండొచ్చు, పక్కన ఇంకొకరిని పెట్టుకోవచ్చు, నచ్చకపోతే మార్చే హక్కు కూడా ఉంచుకోవచ్చు. నేను పోతే ఆ రెండో మనిషి అలాగే నడిపిస్తారు. నాకు నా భాషలో ఇలా అర్థమైంది: గుడ్డ ఒకరిది, కత్తెర ఇంకొకరి చేతిలో, తొడుక్కునేది మూడో మనిషి. "అంతేనా?" అంటే ఆ పిల్ల "అంతే" అంది.

అయితే కత్తెర ఎవరికివ్వాలో సరిగ్గా తేలకపోతే గుడ్డ నాశనం కాదూ? నువ్వున్నావు, నిజమే. కానీ చూడకుండా ఎలా? కోటు కుట్టేటప్పుడు ముందు కచ్చాకుట్టు వేస్తాం. పెద్ద పెద్ద కుట్లు వేసి, మనిషికి తొడిగి, చంక దగ్గర పట్టేసిందా, వీపు మీద ముడత పడిందా చూసి, అప్పుడు గట్టికుట్టు. నా బతుకంతా అలా చెయ్యకుండా ఒక్క కోటు కూడా ఇవ్వలేదు. ఇంత ఇల్లు చూడకుండా ఎలా ఇస్తాను?

అందుకని వచ్చే నెల నేను చచ్చిపోతున్నాను. కంగారు పడకు, కచ్చాగా. నా మిషను వెనక గదిలోకి మార్చుకుని, తెర వేసుకుని కూర్చుంటాను. ఇంటి సంగతి ఏదీ పట్టించుకోను. ఒక నెల వీలునామా లెక్కన, ఇల్లంతా వాడిష్టం. తర్వాతి నెల ట్రస్టు లెక్కన, వాడు ప్రతిదీ నిన్నడగాలి. ఏది ఎక్కడ పట్టేస్తుందో చూస్తాను. సరేగాడికి చెప్పాను. ఏమన్నాడో నీకు తెలుసు.

మీ వదిన


పిల్లల వార్డు

వదినా,

కచ్చాగా చచ్చిపోవడం అనే మాట వార్డంతా చెప్పాను. డాక్టరుగారు కూడా ఒక నెల అలా చచ్చిపోతే బాగుండునంటున్నాడు. ఒకటే అనుమానం. పోయినవాళ్ళు ఉత్తరాలు రాయొచ్చా? రాయొచ్చులే. లేకపోతే నాకు పొద్దుపోదు.

నీ ఆడపడుచు


వెనక గది, తెర చాటున

నర్సమ్మా,

మొదటి నెల అయింది. చావు ఇంత కష్టమని నాకు తెలియదు.

తొలిరోజే వాడు తెర పక్కకి జరిపి, "అమ్మా, ఉప్పు ఎక్కడుంది?" అన్నాడు. నేను పోయాన్రా అన్నాను. "సరే" అని వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, పాపం. "రెండో అరలో, మూత పగిలిన సీసా. ఇంక నన్నడక్కు, పోయినదాన్ని" అన్నాను. వండి, కంచం తెర కింద నుంచి లోపలికి తోశాడు. "పోయినవాళ్ళు తింటారా?" అన్నాను. "కచ్చాగా తినమ్మా" అన్నాడు. తెలివైనవాడేనే, ఎటొచ్చీ నోట్లో ఒకే మాట.

వారం తిరక్కుండా కుర్చీలాయన వచ్చాడు. తెర వెనక నుంచి అన్నీ వింటున్నాను. "తమ్ముడూ, రెండు రోజులు కుర్చీలు పెట్టుకుంటాను, వానకి తడుస్తున్నాయి" అన్నాడు. సరే. తర్వాత పందిరి గుడ్డలు. సరే. గరిటెలు, గుండిగలు, రంగు లైట్లు. అన్నిటికీ సరే. నా కుట్టు గదిలో కాలు పెట్టే చోటు లేదు. కుర్చీలు మెట్ల మీద దాకా ఎక్కాయి. పై గదిలో అద్దెకున్న కండక్టరు ఓ పొద్దున కుర్చీల మీంచి దూకి డ్యూటీకి వెళ్ళాడు. సాయంత్రం సామాను సర్దుకుని "మీ అమ్మగారు బతికున్నప్పుడే బాగుండేది" అని ఇల్లు ఖాళీ చేసి పోయాడు. నేను దగ్గాను, వినిపించుకోలేదు.

నెలాఖరుకి అసలు మాట బయటపడింది. "తమ్ముడూ, ఎలాగూ గదంతా నాదే అయిపోయింది. ఈ కాగితం మీద ఒక్క సంతకం పడేస్తే ఇద్దరికీ నిశ్చింత" అన్నాడు. నర్సమ్మా, వాడు కలం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తెర చింపుకున్నంత పని చేసి బయటికొచ్చాను. కుర్చీలాయన నన్ను చూసి తెల్లబోయి, "అమ్మగారు లేరన్నారే!" అన్నాడు. ఉన్నాను, కుర్చీలు తీసుకెళ్ళు అన్నాను.

వీలునామా పట్టేసింది. చంక దగ్గర కాదు, గొంతు దగ్గర. రేపట్నుంచి రెండో నెల. నువ్వే ట్రస్టీవి. జాగ్రత్తమ్మా, నీ చేతిలో పెడుతున్నాను.

మీ వదిన


నర్సుల గది

వదినా,

ఏం భయం లేదు. వాడికి ఉత్తరం రాశాను: "ఇల్లు నీది కాదు, నేను చూసుకుంటున్నాను, ఎవరేం అడిగినా నన్నడగమని చెప్పు" అని. వాడు నాలుగు వరసల జవాబు రాశాడు. మొదటి వరస "అత్తా, సరే."

నువ్వు మళ్ళీ హాయిగా చచ్చిపో.

నీ ఆడపడుచు


వెనక గది

నర్సమ్మా,

ఒక వింత చెబుతాను. ఇది నేను అనుకోలేదు.

ట్రస్టు అంటే వాడి కాళ్ళకి కట్టేసే తాడని అనుకున్నాను. కట్టేస్తున్నానే అని లోలోపల కుమిలిపోయాను కూడా. కానీ ఎవరో వచ్చి మన నిచ్చెన ఉంచేసుకుంటానంటే వాడేమన్నాడో తెలుసా? "నాది కాదన్నా. మా అత్తనడగాలి." ఆయన గొణుక్కుంటూ పోయాడు. వీడు పాట పాడుకుంటూ మోటారు బిగించుకున్నాడు. పాట! వీడి నోట పాట విని ఎన్నేళ్ళయిందో.

ఇంకొకళ్ళు వచ్చారు, మెట్ల కింద చోటు కావాలని. "నాది కాదు." కుర్చీలాయన మళ్ళీ వచ్చాడు. "అయ్యో అన్నా, నా చేతిలో లేదు" అన్నాడు, ఎంత హుషారుగా అన్నాడనుకున్నావు! తలుపేసి తెర దగ్గరికొచ్చి, "అమ్మా, పోయావని తెలుసు, ఊరికే చెబుతున్నా. ఇదేదో బాగుంది" అన్నాడు.

అంటే, ఇన్నాళ్ళూ వాడికి ఇవ్వడం ఇష్టమనుకున్నాను. కాదేమో. లేదనడం రాక ఇచ్చాడేమో. నువ్వు చిన్నప్పట్నుంచీ వాణ్ణి ఎత్తుకుని పెంచావు కదా, నీకేమనిపిస్తుంది? రాయి. ఏమీ దాచకు.

మీ వదిన


పిల్లల వార్డు

వదినా,

మంచి కబురు రాశావు. ఇక్కడ వానలు. వార్డులో దగ్గులు ఎక్కువయ్యాయి. నిన్న ఒక పిల్లాడు గుండీ మింగి అందరినీ హడలగొట్టాడు. నువ్వైతే ఏ గుండీయో చెప్పేదానివి.

అన్నట్టు, ఆ కుర్చీలు మరీ అంత చోటు పడతాయా? ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు కదా. ఊరికే అడిగాను.

నీ ఆడపడుచు


కుట్టు గది. తెర తీసేశాను

ఏమమ్మా ట్రస్టీగారూ,

ఊరికే అడిగావా? ఇవాళ పొద్దున తలుపు తీస్తే కుర్చీలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు. పైన ఆయన పేరు రాసిన బోర్డు. నేను చావు సంగతి పక్కన పెట్టి వీధిలోకి వెళ్ళి కేకలేశాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు జేబులోంచి కార్డు తీసి, "ట్రస్టీగారి అనుమతి ఉందండీ" అన్నాడు. నీ రాతే. "పాపం వానలో కష్టపడకండి, ముందు గదిలో పెట్టుకోండి, బోర్డు కూడా పెట్టుకోండి" అని. బోర్డు కూడానా!

నేను ఇంటికి కాపలా పెట్టాననుకున్నాను. ఇంకో సరేగాణ్ణి పెట్టుకున్నాను.

మా వాడు పాట ఆపేశాడు.

వదిన


నర్సుల గది

వదినా,

తిట్టు. నీ ఇష్టం వచ్చినంత తిట్టు.

ఆయన నాకు రెండు పేజీల ఉత్తరం రాశాడు. కుర్చీలకి తుప్పు, ఆవిడకి ఆయాసం, కూతురి కాన్పు. చదువుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. వద్దు అనే రాద్దామని కూర్చున్నాను, ఒట్టు. చెయ్యి దానంతటది "పెట్టుకోండి" అని రాసింది. బోర్డు మాట నేనే ఎందుకు రాశానో నాకే తెలియదు. అడక్కుండానే ఇచ్చాను. వాడి గుణం మా వైపుదని నేనే రాసి, ఆ వైపుదాన్ని నేనూ అని మర్చిపోయాను. నువ్వూ మర్చిపోయావు, అది మరీ విచిత్రం.

వార్డులో వేళ కాని వేళ ఎవరినీ ఆపలేనని మేట్రన్ నా చేతిలోంచి గేటు డ్యూటీ తీసేసి చాలా కాలమైంది. నీకు చెప్పలేదు, సిగ్గేసి.

ఇంకొకటి కూడా చెప్పలేదు. వద్దనగలిగిన మనిషి మనింట్లో ఒకతి ఉండేది, నీ కోడలు. మంచం అడిగినవాళ్ళకి తప్ప అందరికీ వద్దంది, ఆరోజు ఇంట్లో లేదు కాబట్టి. నాకూ తనకీ ఉత్తరాలు ఆగలేదు వదినా. మందుల షాపు పైగదిలోనే ఉంటోంది, నీకు తెలిసిన షాపే. చీటీ లేకుండా సొంత అన్నకి కూడా మందివ్వదట. వెళ్ళి అడుగు.

నీ ఆడపడుచు


కుట్టు గది

నర్సమ్మా,

వెళ్ళను. కాగితాల మీద విడిపోయిన మనిషి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పైగా ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా ఉత్తరాలా? నా గురించి ఏం రాసేది? ఒంట్లో బాగానే ఉంటోందా? ఇంకా సన్నగానే ఉందా? నేను అడిగానని రాయకు.

వెళ్ళిపోయేటప్పుడు తను ఒక మాటంది. అది నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. "ఇంట్లో వద్దనే పనంతా మీరే పెట్టుకున్నారు అత్తయ్యా. నేను వద్దంటే నా మాట మీద మీ మాట. ఆయన కోసం నేను కాదు, మీరు ఉండాలనుకుంటున్నారు" అంది. నేను తలుపేశాను. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు కుర్చీల మధ్య కూర్చుని ఆలోచిస్తుంటే కోపం దొరకడం లేదు, వెతుకుతున్నాను.

ఆ షాపు ఎన్నింటికి మూస్తారు?

మీ వదిన


మందుల షాపు నుంచి ఇంటికొచ్చి

నర్సమ్మా,

వెళ్ళాను. గుమ్మం ముందు నుంచి రెండుసార్లు దాటిపోయాను. మూడోసారి లోపల్నుంచే, "అత్తయ్యా, వస్తే రండి, ఎండలో తిరక్కండి" అంది. జుట్టు నెరిసింది. గొంతు అలాగే ఉంది.

లాయరమ్మ రాసిచ్చిన చిత్తుప్రతి బల్ల మీద పెట్టాను. నేను నోటితో చెప్పినవన్నీ ఆ పిల్ల చక్కగా ఎక్కించింది. ట్రస్టీ అన్న చోట ఖాళీ. కోడలు అద్దాలు పెట్టుకుని చదువుతోంది. మధ్యలో ఒకాయన వచ్చి నిద్రమాత్రలడిగాడు. చీటీ ఏదంది. మర్చిపోయానన్నాడు, బతిమాలాడు, తన తల్లి మీద ఒట్టేశాడు. తల కూడా ఎత్తకుండా, "ఇవ్వను. డాక్టరు దగ్గరికెళ్ళి రండి, షాపు తీసే ఉంటుంది" అంది. ఆయనకి కోపం కూడా రాలేదే! అలా ఎలా అంటుందో నేర్చుకుందామని చూశాను. మొహంలో విసుగు లేదు, జాలి లేదు. తలుపు తలుపులా ఉన్నట్టు.

చదవడం అయ్యాక, "ఇదేమిటి అత్తయ్యా? వాన వస్తే పడమటి కిటికీ మూయవలెను?" అంది.

"వాడు మూయడే, మోటార్లు తడుస్తాయి."

"తడి తువ్వాలు తలుపు మీద ఆరవేయరాదు?"

"చెక్క ఉబ్బుతుంది."

"ట్రస్టీని అడగకుండా లబ్ధిదారు ఇంట్లోకి ఎవరినీ రానివ్వరాదు?"

"కుర్చీలాయనే మళ్ళీ..."

పెన్ను తీసి మూడింటి మీదా గీత పెట్టింది. తర్వాత ఇంకో ఎనిమిదింటి మీద. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"ఇల్లు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా, ఎవరి పేరా రాసివ్వకుండా చూస్తాను. అంతవరకే. కిటికీ మూస్తాడో, ఎవరిని కూర్చోబెట్టుకుంటాడో ఆయనిష్టం. నేను ఇంటికి కాపలా ఉంటాను అత్తయ్యా, ఆయనకి కాదు" అంది.

"ఉంటావా అయితే?" అన్నాను.

"ఆయన్ని అడిగారా?"

నర్సమ్మా, అడగలేదు! నిన్నడిగాను, లాయరమ్మనడిగాను, రెండు నెలలు చచ్చిపోయి చూశాను. వాణ్ణి మాత్రం ఏం కావాలని అడగలేదు. సరే అంటాడని.

ఇంటికొచ్చి అడిగాను. సరేనా అని అడగకుండా, ఏది కావాలో చెప్పరా అన్నాను. చాలాసేపు చేతులకున్న గ్రీజు తుడుచుకున్నాడు. "అడిగినవాళ్ళ మొహం చూస్తే నాకు నోరు లేవదమ్మా. నాది కాదు అని చెప్పిన ఆ నెల హాయిగా ఉంది. అదే కావాలి" అన్నాడు. ట్రస్టీ ఎవరో చెప్పాను. తలెత్తాడు. "తనా? తను వద్దంటే నాకెప్పుడూ కష్టమనిపించలేదు" అన్నాడు. అని మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు, చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

మీ వదిన


పిల్లల వార్డు

వదినా,

రెండుసార్లు చదివి, మేట్రన్‌కి కూడా చదివి వినిపించాను. కుర్చీలాయనకి నేనే ఉత్తరం రాసి అనుమతి వెనక్కి తీసుకుందామని కూర్చున్నాను. మూడు కార్డులు పాడయ్యాయి. తనకే చెప్పు, తను చూసుకుంటుంది.

నాకు ఈ ఏడు చివర ఉద్యోగం అయిపోతుంది, తెలుసుగా. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఎక్కడో ఒక గది చూసుకుంటాను, బెంగపడకు. నువ్వు బెంగపడతావని రాయకూడదనుకుని రాసేశాను.

నీ ఆడపడుచు


వెనక గది
ఎండెక్కాక లేచి

నర్సమ్మా,

పోయిన వారం సంతకాలయ్యాయి. లాయరమ్మ ఒక్కొక్కటీ చదివి వినిపించింది. ట్రస్టు ఆ రోజు నుంచే మొదలు. ఇద్దరం ట్రస్టీలం, నేనూ కోడలూ. ఇద్దరి సంతకం లేనిదే ఇల్లు కదలదు, నా తర్వాత తనొక్కతే. తన తర్వాత ఎవరన్నది కూడా తనే ఎంచి రాసింది, ఆ షాపులోనే పనిచేసే ఇంకో మొండిమనిషిని. మిషన్లూ సామానూ మాత్రం విడిగా చిన్న వీలునామాలో రాశాను. అవి వాడు ఎవరికిచ్చుకున్నా నాకు బెంగ లేదు. అంటే, కొంచెం ఉంది. కుర్చీలాయన మర్నాడే వచ్చాడట షాపుకి, ఉత్తరం కాదు, మనిషే వచ్చాడు. వెళ్ళేటప్పుడు దగ్గుమందు కొనుక్కుని పోయాడు. సాయంత్రానికి ముందు గది ఖాళీ. మా వాడు రెండు కుర్చీలు మాత్రం కూర్చోవడానికి ఉంచమని అడిగి ఉంచుకున్నాడు. అది వాడిష్టమట.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం పట్టుకుని నిన్న షాపుకి పరిగెత్తాను. పై గది నీ పేర రాసేద్దాం అన్నాను. నువ్వు లేకపోతే ఈ బుద్ధి నాకు పుట్టేది కాదన్నాను. చిన్నప్పుడు వాణ్ణి నువ్వే పెంచావన్నాను. ఏడ్చాను కూడా. మొదలుపెట్టింది నిజంగానే, మధ్యలో ఇంకొంచెం కలిపాను, తను నిలబడుతుందో లేదో చూద్దామని.

తను మాత్రల డబ్బాలు సర్దుతూనే, "పై గది ఖాళీగానే ఉంది. రమ్మనండి, బతికినన్నాళ్ళూ ఉండమనండి. రాసివ్వడానికి మాత్రం నేను సంతకం పెట్టను" అంది.

"సొంత ఆడపడుచు!" అన్నాను.

"తెలుసు. నాకూ ఇష్టమే. వద్దు."

"నేను అత్తగారిని."

"అందుకే కుర్చీ వేశాను. వద్దు అత్తయ్యా. ఈ గది పేర రాస్తే రేపు ఆ గది అడుగుతారు. ఆవిడ అడక్కపోయినా, ఆవిడ్ని ఎవరో అడుగుతారు. ఆవిడ ఇచ్చేస్తారు."

ఆ మాట నిజమే కదే, ఏమంటావు? ఇంకో రెండు మూడు విధాలుగా అడిగి చూశాను. కదల్లేదు. నేను లేచి చీర సర్దుకుని ఇంటికొచ్చాను. కోపం రావాలి కదా, దారంతా చూశాను, రాలేదు. అన్నం తిని, రోజూ రాత్రి తిరిగి చూసే తలుపులు గానీ ఇస్త్రీపెట్టె గానీ చూడకుండా పడుకున్నాను.

పొద్దున వాడొచ్చి భుజం తట్టి లేపాడు. "అమ్మా, ఏమైందో అని హడలిపోయాను, ఇంతసేపు ఎప్పుడూ పడుకోలేదు" అన్నాడు. ఎండ మంచం మీదికి వచ్చేసింది.

పెట్టె సర్దుకుని వచ్చెయ్యి. గది తుడిపించి ఉంచుతాను.

మీ వదిన